‘ప్లేటు కరిగి మాగ్మా అవుతుంది’ అని రాసి దెబ్బతిన్నాక సబ్‌డక్షన్ జోన్లు నేను ఎలా చదివాను

మొదటి అటెంప్ట్‌లో సబ్‌డక్షన్ జోన్ల మీద, అంటే ఒక భూఫలకం (ప్లేటు) ఇంకోదాని కిందికి, పై పొరైన పటలం దాటి కిందున్న వేడి రాతి పొర మాంటిల్‌లోకి దిగిపోయే చోట్ల మీద, ఇరవై మార్కుల ప్రశ్న కనబడగానే ప్రాణం లేచొచ్చింది. బట్టీ పట్టిన టాపిక్. పెన్ను ఆపకుండా నాలుగు పేజీలు నింపాను. ట్రెంచ్ (ప్లేటు వంగి దిగేచోటి లోతైన సముద్రపు గాడి), వాదాటి-బెనియాఫ్ జోన్ (దిగే ప్లేటు వెంట భూకంపాలు వచ్చే వాలు పట్టీ), అగ్నిపర్వతాల వరుస, పసిఫిక్ చుట్టూ అగ్నివలయం, ఏదీ వదల్లేదు. బయటికొచ్చి, నాకన్నా రెండేళ్లు ముందు ఇదే పరీక్ష గట్టెక్కిన అక్కకి గొప్పగా చెప్పుకున్నాను. "సరే, మాగ్మా ఎలా పుడుతుందని రాశావు?" అంది. "దిగిన ప్లేటు లోపలి వేడికి కరిగి మాగ్మాగా పైకొస్తుంది అని రాశాను" అన్నాను. ఆమె కాసేపాగి, "కోట్ల ఏళ్లు సముద్రం కింద పడి చల్లారిన ప్లేటు అది. లోపలికి పోతూ పక్కనున్న మాంటిల్‌నే చల్లబరుస్తుంది. అంత చల్లటి చోటికి పైన అగ్నిపర్వతాలు ఎందుకుంటాయిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నాలుగు పేజీల్లో ఎక్కడా ‘ఎందుకు’ అన్న మాటే లేదని అప్పుడు తెలిసింది. ఆ ఏడు పోయింది. మరుసటి ఏడు ఇదే టాపిక్ నన్ను ఒడ్డున పడేసింది. ఆ మధ్యలో ఏం మార్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. టైమ్‌టేబుళ్లు, రోజుకి ఎన్ని గంటలు లాంటివి చెప్పను, అవి ఎవరివి వాళ్లకే కుదరాలి.

మార్చుకున్నది ఒక్కటే. పాత నోట్సులో ‘ఏర్పడటం’, ‘వైకల్యం’ (రాళ్లు నలిగి, సాగి రూపం మారడం), ‘భూకంపాలు’, ‘మాగ్మా’ అని నాలుగు వేర్వేరు పేజీలుండేవి. వాటిని పక్కన పడేసి, ఒక పెద్ద కాగితం మీద ఒకే అడ్డుకోత బొమ్మ గీశాను. ఎడమ చివర సముద్రపు ప్లేటు, మధ్యలో ట్రెంచ్, కుడివైపు పై ప్లేటు, దాని మీద అగ్నిపర్వతం, కింద 700 కి.మీ. దాకా వాలుగా దిగే ప్లేటు భాగం, అంటే స్లాబ్. ఆ బొమ్మ మీద ఒక నీటిచుక్కను ఎడమ నుంచి కుడికి నడిపించడం మొదలుపెట్టాను. అది ఎక్కడ ప్లేటులోకి దూరుతుంది, ఎక్కడ పిండబడుతుంది, ఎక్కడ బయటపడుతుంది, ఎక్కడ రాయిని కరిగిస్తుంది? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ పోతే సిలబస్‌లో ముప్పావు వంతు దానంతటదే వచ్చేసింది.

కానీ బొమ్మ మొదలు కావాలంటే ముందు ప్లేటు వంగి దిగాలి కదా. ఇక్కడే చాలామంది ‘సముద్రపు ప్లేటు బరువెక్కువ, ఖండపు ప్లేటు తేలిక, అందుకే కిందికి పోతుంది’ అని రాసి ముందుకెళ్లిపోతారు. రెండూ సముద్రపు ప్లేట్లే అయినప్పుడు ఏమవుతుందో అందులో లేదు. అసలు సంగతి వయసులో ఉంది. మధ్య సముద్రపు రిడ్జ్ (సముద్రం అడుగున కొత్త ప్లేటు పుట్టే పర్వత వరుస) దగ్గర పుట్టిన ప్లేటు వేడిగా, తేలికగా ఉంటుంది. దూరం జరిగేకొద్దీ చల్లారి మందమవుతుంది, సముద్రపు అడుగు లోతవుతుంది. ఆ లోతు వయసు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది (ఈ ఒక్క ముక్క మీద బిట్ రావడం నేను పాత పేపర్లలో చూశాను). కొన్ని కోట్ల ఏళ్లు గడిచేసరికి ప్లేటు కింద ఉన్న మాంటిల్ కంటే సగటున బరువెక్కుతుంది. పసిఫిక్‌లో అతి పాత భాగం వయసు దాదాపు 18 కోట్ల ఏళ్లు. ఖండాల మీద 300 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు దొరుకుతుంటే, సముద్రం అడుగున అంత పాతవి లేకపోవడానికి కారణం వాటికంటే పాతవన్నీ ఎప్పుడో దిగిపోవడమే.

బరువెక్కినంత మాత్రాన దిగిపోదు. చల్లటి ప్లేటు గట్టిది కూడా, వంగనంటుంది. కాబట్టి సబ్‌డక్షన్ మొదలవ్వాలంటే ముందే ఒక బలహీనమైన గీత ఉండాలి. పాత ట్రాన్స్‌ఫార్మ్ ఫాల్ట్ (ప్లేట్లు పక్కపక్కగా జారే పగులు) గానీ, వయసు తేడా ఉన్న రెండు ప్లేటు ముక్కల మధ్యనున్న ఫ్రాక్చర్ జోన్ గానీ అలాంటిదే. అక్కడ పాత, బరువైన వైపు తనంతట తాను కుంగితే స్వయంసిద్ధ ప్రారంభం. బయటి నుంచి ప్లేట్లు నెట్టడం వల్ల మొదలైతే ప్రేరిత ప్రారంభం. మొదటిదానికి అందరూ చూపే ఉదాహరణ ఇజు-బోనిన్-మరియానా, దాదాపు 5.2 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. 2014లో అక్కడి ముందుచాపంలో (ట్రెంచ్‌కీ అగ్నిపర్వతాల వరుసకీ మధ్య భాగం) సముద్రపు డ్రిల్లింగ్ యాత్ర జరిగింది. ముందు బసాల్ట్, ఆ వెంటనే బోనినైట్ పుట్టిన క్రమం బయటపడింది. బోనినైట్ అన్న పేరే బోనిన్ దీవుల నుంచి వచ్చింది. ఒకసారి కరిగి సారం పోయిన మాంటిల్‌కి నీరు తగిలి మళ్లీ కరిగితే పుట్టే రాయి అది, మెగ్నీషియం ఎక్కువ, సిలికా కూడా ఎక్కువ. ప్రేరిత ప్రారంభానికి ఉదాహరణ న్యూజిలాండ్ దక్షిణాన ఉన్న పుయ్‌సెగూర్ ట్రెంచ్. ఎస్సేలో ఈ రెండు పేర్లు పక్కపక్కన రాసి, ఒక్కో వాక్యం చేర్చినా చాలు, మిగతా కట్టల్లోంచి మీ పేపర్ వేరుగా కనిపిస్తుంది. ప్రారంభం గురించి రాసేవాళ్లు తక్కువ.

ఒకసారి దిగడం మొదలైతే ఇక అంత తేలిగ్గా ఆగదు. దిగుతున్న బసాల్ట్ ఒత్తిడికి ఎక్లోజైట్‌గా మారుతుంది. గార్నెట్, ఓంఫసైట్ ఉన్న ఆ రాయి చుట్టూ ఉన్న మాంటిల్ రాయి పెరిడోటైట్ కంటే సాంద్రమైనది. స్లాబ్ తన బరువుతో వెనకున్న ప్లేటును లాగుతుంది. దీన్నే స్లాబ్ పుల్ అంటాం. 1975లో ఫోర్సైత్, ఉయెదా లెక్కగట్టి చూపించింది ఇదే: చుట్టుకొలతలో ఎక్కువ భాగం స్లాబ్‌కి అతుక్కుని ఉన్న ప్లేట్లే వేగంగా కదులుతున్నాయి. రిడ్జ్ దగ్గర మాగ్మా తోయడం వల్ల ప్లేట్లు కదులుతాయని చిన్నప్పుడు చదివిన బొమ్మ బుర్రలోంచి పోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

ఇక నీటిచుక్క. అది ప్లేటులోకి దూరేది ట్రెంచ్‌లో కాదు, ట్రెంచ్‌కి ముందే. వంగబోయే ప్లేటు కాస్త ఉబ్బుతుంది, అదే ఔటర్ రైజ్. వెదురుబద్దను వంచి చూడండి, పైతోలు సాగి చిట్లుతుంది. ప్లేటు పైభాగం కూడా అలాగే సాగి నార్మల్ ఫాల్ట్‌లు పుడతాయి. సముద్రపు నీరు ఆ పగుళ్లలో కిలోమీటర్ల లోతుకి దిగి, పటలం దాటి, కింది మాంటిల్‌లోని ఆలివీన్ అనే ఖనిజాన్ని సర్పెంటైన్ అనే నీరు పట్టే ఖనిజంగా మారుస్తుంది. సర్పెంటైన్ బరువులో దాదాపు 13 శాతం నీరే. అంటే ప్లేటు లోపలికి పోయేటప్పుడు ఖాళీ చేతులతో పోవడం లేదు. రంధ్రాల్లో నీరు, బంకమట్టి ఖనిజాల్లో నీరు, మారిన బసాల్ట్‌లో నీరు, సర్పెంటైన్‌లో నీరు, అన్నీ మూటగట్టుకుని పోతుంది.

ఔటర్ రైజ్ భూకంపాలు చిన్నవని అనుకుంటే పొరపాటు. జపాన్ సన్‌రికు తీరంలో 1933లో వచ్చిన భూకంపం ఈ రకమే, తీవ్రత దాదాపు 8.4, దానికి సునామీ కూడా వచ్చింది. ఈ తీరం గురించి కాస్త ఆగి చెప్పాలి. 1896లో ఇదే సన్‌రికులో భూమి మెల్లగా ఊగింది, జనం పెద్దగా పట్టించుకోలేదు. కాసేపటికి వచ్చిన సునామీలో దాదాపు 22,000 మంది పోయారు. అది ట్రెంచ్ దగ్గరి లోతు తక్కువ భాగం నెమ్మదిగా జారిన ‘సునామీ భూకంపం’. ఆ మాటను 1972లో కనమోరి వాడారు. 2011 మార్చి 11న వచ్చింది మెగాథ్రస్ట్ (రెండు ప్లేట్లు రాసుకునే వాలు ఫాల్ట్) మొత్తం తెగిన 9 తీవ్రత భూకంపం. ఒకే తీరం, మూడు తారీఖులు, మూడు వేర్వేరు యంత్రాంగాలు. నా బొమ్మ మీద మూడు చుక్కలు పెట్టి పక్కన 1896, 1933, 2011 అని రాసుకున్నాను. భూకంపాల వర్గీకరణ కోసం ఇంక ఏ పట్టికా బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

ట్రెంచ్ దాటాక వచ్చేది వైకల్యం. పారతో ఇసుకను ముందుకి నెడితే పార ముందు ఇసుక ఒక వాలుతో పోగవుతుంది. ఇంకా నెడితే వాలు మారకుండా కుప్ప పెరుగుతూ పోతుంది. దిగే ప్లేటు మీంచి గీకబడి ట్రెంచ్ దగ్గర పోగైన అవక్షేపాల కుప్ప, అంటే అక్రిషనరీ ప్రిజం, అంతే. 1983లో డేవిస్, సుప్పే, డాలెన్ దీన్ని క్రిటికల్ టేపర్ సిద్ధాంతంగా రాశారు. ఇందులోనూ మన నీటిచుక్క ఉంది. అవక్షేపాలు నలిగేకొద్దీ రంధ్రాల్లోని నీటికి బయటికి దారి దొరక్క ఒత్తిడి పెరుగుతుంది, అడుగు ఫాల్ట్ మీద ఘర్షణ తగ్గుతుంది, అప్పుడు కుప్ప వాలు కూడా తక్కువగా ఉంటుంది. నీటి ఒత్తిడి ఎక్కువైతే టేపర్ సన్నం, అంతే. నంకాయ్, మక్రాన్, బార్బడోస్ దగ్గర ఇలాంటి కుప్పలున్నాయి.

కానీ అన్ని ట్రెంచ్‌లలోనూ కుప్ప పెరగదు. ప్రపంచంలోని సబ్‌డక్షన్ అంచుల్లో సగానికి పైగా పై ప్లేటు అడుగు నుంచి అరిగిపోతుంటుంది. మరియానా, ఈశాన్య జపాన్, ఉత్తర చిలీ అలాంటివే. ట్రెంచ్‌లో అవక్షేపం తక్కువ, ప్లేటు వేగం ఎక్కువ, దిగే ప్లేటు ఉపరితలం గరుకు అయితే అరుగుదల. ‘ప్రతి సబ్‌డక్షన్ జోన్‌లోనూ అక్రిషనరీ ప్రిజం ఏర్పడును’ అన్న స్టేట్‌మెంట్ బిట్ వస్తే తప్పు అని పెట్టండి. ఇక పై ప్లేటు వెనకభాగం నలుగుతుందా సాగుతుందా అన్నదానికి ఉయెదా, కనమోరి 1979లో చేసిన చిలీ తరహా, మరియానా తరహా విభజన గుర్తుంచుకోండి. ఒకటి నలిగి ఆండీస్ లేపింది, ఇంకోటి సాగి అగ్నిపర్వతాల వరుస వెనక సముద్రపు పల్లం (బ్యాక్-ఆర్క్ బేసిన్) తెరిచింది. అండమాన్ సముద్రం కూడా అలా తెరుచుకున్నదే.

మెటామార్ఫిజం (వేడికి, ఒత్తిడికి రాయి మారడం) గురించి రెండు వాక్యాలు చాలు. దిగే స్లాబ్‌లో ఒత్తిడి ఎక్కువ, వేడి తక్కువ కాబట్టి బ్లూషిస్ట్ అనే రాయి పుడుతుంది. అగ్నిపర్వతాల కింద వేడి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఈ జంట బెల్ట్‌లను మియాషిరో 1961లో జపాన్‌లోని సన్‌బగవా, ర్యోకే ఉదాహరణలతో చూపించారు.

ఇప్పుడు భూకంపాలు. నా టైమ్‌లో ఎక్కువ భాగం తిన్నది, ఎక్కువ మార్కులు తెచ్చింది కూడా ఇదే.

యంత్రాలతో కొలిచిన అయిదు పెద్ద భూకంపాలు చూడండి: 1960 చిలీ 9.5, 1964 అలాస్కా 9.2, 2004 సుమత్రా-అండమాన్ 9.1, 2011 తొహోకు 9.0–9.1, 1952 కమ్చాట్కా 9.0. అన్నీ మెగాథ్రస్ట్‌లే. ‘ఎందుకు?’ అని అడిగితే ‘ప్లేట్లు ఢీకొంటాయి కాబట్టి’ అని రాసేవాణ్ణి. హిమాలయాల్లోనూ ఢీకొంటాయిగా మరి. సరైన జవాబు జ్యామితిలో, ఉష్ణోగ్రతలో ఉంది. రాయి పెళుసుగా తెగేది దాదాపు 350 డిగ్రీల సెల్సియస్ లోపే. చల్లటి స్లాబ్ దిగేచోట ఆ 350 డిగ్రీల గీత చాలా లోతుకి జారుతుంది. పైగా ఫాల్ట్ నిటారుగా కాక 10–20 డిగ్రీల వాలులో ఉంటుంది. లెక్క చేసి చూడండి: 10 నుంచి 40 కి.మీ. లోతు దాకా ఫాల్ట్ బిగుసుకుందనుకుందాం. నిటారు ఫాల్ట్ అయితే వెడల్పు 30 కి.మీ. 15 డిగ్రీల వాలైతే 30ని సైన్ 15తో భాగించాలి, దాదాపు 116 కి.మీ. వస్తుంది. దీనికి వందల కి.మీ. పొడవు తోడైతే వైశాల్యం ఎంతో మీరే ఊహించండి.

ఈ వైశాల్యమే తీవ్రత అవుతుంది. భూకంప మూమెంట్ అంటే దృఢత, వైశాల్యం, జారుడు మూడింటి లబ్ధం. తొహోకుకి ఉజ్జాయింపుగా 40 గిగాపాస్కల్స్, 500 కి.మీ. పొడవు, 200 కి.మీ. వెడల్పు, సగటున 10 మీటర్ల జారుడు తీసుకోండి. 4 × 10¹⁰ ని 10¹¹ చదరపు మీటర్లతో, 10 మీటర్లతో గుణిస్తే 4 × 10²² న్యూటన్-మీటర్లు. లాగరిథం 22.6. అందులోంచి సూత్రంలోని స్థిరాంకం 9.1 తీసేస్తే 13.5. మూడింట రెండు వంతులు 9.0. ఈ లెక్కని ఒకసారి చేతితో చేశాక నాకు మూమెంట్ మాగ్నిట్యూడ్ సూత్రం మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు. తీవ్రత ఒకటి పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు ఎందుకో కూడా ఇందులోంచే వస్తుంది. 10 ఘాతం 1.5 ఎంతో చూడండి. ప్లేట్లు ఏడాదికి 8 సెం.మీ. దగ్గరవుతూ ఫాల్ట్ పూర్తిగా బిగుసుకుంటే వందేళ్లలో 8 మీటర్ల జారుడు బాకీ పడుతుంది. ఆ బాకీ ఒక్కసారే తీరితే ఏమవుతుందో పైన చూశాం.

భూకంపాల మధ్యకాలంలో నేల ఎలా కదులుతుందన్నది నేను చాలాసార్లు తలకిందులు చేసి రాసిన అంశం. ఇప్పుడు చేతితో చేసి చూపిస్తాను, మీరూ చేయండి. కుడిచేతి వేళ్లు బల్ల అంచున ఆనించి, ఎడమచేత్తో వేళ్ల కొసలను కిందికి, వెనక్కి నెట్టండి. కొసలు దిగుతాయి, వేళ్ల మధ్యభాగం పైకి ఉబ్బుతుంది. పై ప్లేటు కొస సముద్రంలో, ట్రెంచ్ వైపు. ఉబ్బిన భాగం తరచుగా ఒడ్డు వైపు. ఇప్పుడు ఎడమచేయి వదిలేయండి. కొసలు పైకి, సముద్రం వైపు ఎగురుతాయి, అదే సునామీ. ఉబ్బు కూలుతుంది, అదే ఒడ్డు కుంగడం. 1964 అలాస్కా భూకంపం తర్వాత జార్జ్ ప్లాఫ్కర్ తీరం వెంట తిరిగి, రాళ్లకు అంటుకుని బతికే బార్నకిల్స్ గీత ఎంత పైకి లేచిందో, ఎంత మునిగిందో కొలుచుకుంటూ పోయారు. ఒక పట్టీ లేచింది, దాని పక్కనే సమాంతరంగా ఇంకో పట్టీ కుంగింది. నిటారు ఫాల్ట్ అన్నవాళ్లూ ఉన్నారు అప్పట్లో. ఆయన మాత్రం పడక వాలు థ్రస్ట్ అన్నారు. ప్లేట్ టెక్టానిక్స్ ఇంకా పూర్తిగా నిలదొక్కుకోని రోజుల్లో సముద్రపు పురుగుల గీత ఇచ్చిన సాక్ష్యం అది.

ఇదే సూత్రం 1700 నాటి కాస్కేడియా భూకంపాన్ని పట్టించింది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో ఒడ్డు కుంగి ఉప్పునీటిలో మునిగిన దేవదారు చెట్లు నిలువునా చచ్చి నిలబడ్డాయి. వాటి వలయాలు 1699–1700 చలికాలాన్ని చూపించాయి. అదే సమయంలో జపాన్‌లో ఏ భూకంపమూ లేకుండా వచ్చిపడిన సునామీ గురించి అక్కడి రికార్డుల్లో ఉంది. రెంటినీ కలిపితే 1700 జనవరి 26 రాత్రి 9 గంటల ప్రాంతం అని తేలింది. రాయడానికి ఇంతకంటే అందమైన ఉదాహరణ నాకు తెలియదు.

అయితే చేతివేళ్ల లెక్క ప్రతిచోటా అచ్చుగుద్దినట్టు కుదరదు. తొహోకు ఒడ్డు భూకంపానికి ముందు దశాబ్దాలుగా దిగుతూనే ఉంది, భూకంపంలోనూ ఒషికా ద్వీపకల్పం దాదాపు 1.2 మీటర్లు దిగి, 5 మీటర్లకు పైగా తూర్పుకు జరిగింది. ఆ తర్వాత పైకి లేవడం మొదలైంది. బిగుసుకున్న భాగం ఎంత లోతు దాకా ఉంది, కింది మాంటిల్ ఎంత నెమ్మదిగా సర్దుకుంటుంది అన్నవాటిని బట్టి గీత మారుతుంది. అక్కడే 2012లో చిక్యు ఓడతో ట్రెంచ్ దగ్గర ఫాల్ట్ దాకా తవ్వారు. బయటికొచ్చింది కొద్ది మీటర్ల మందం కూడా లేని, స్మెక్టైట్ నిండిన జారుడు బంకమట్టి. ట్రెంచ్ దగ్గర 50 మీటర్ల దాకా జారడం ఎలా కుదిరిందో అర్థమైంది. మళ్లీ నీటి సంగతే: నీరు పట్టే ఖనిజం, ఘర్షణ తక్కువ.

బిగుసుకున్న భాగానికీ హాయిగా జారే భాగానికీ మధ్యన ఇంకో లోకం ఉంది. 2002లో ఓబరా జపాన్‌లో లోతైన ట్రెమర్ (సన్నగా, చాలాసేపు సాగే కంపనం) కనిపెట్టారు. 2003లో రోజర్స్, డ్రాగర్ట్ కాస్కేడియాలో ట్రెమర్, నెమ్మది జారుడు జంటగా వస్తాయని చూపించారు, దాదాపు 14 నెలలకోసారి. ఆ వారాల్లో జీపీఎస్ స్టేషన్లు కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి నడుస్తాయి. ఎవరికీ ఊగినట్టే తెలియదు. ఇక్కడ కూడా నీటి ఒత్తిడి దాదాపు పై రాతి బరువుకి సమానంగా ఉండటమే కారణమని ఎక్కువమంది భావన.

ఇంకా కిందికి పోతే, 70 నుంచి 300 కి.మీ. మధ్య, సూత్రం ప్రకారం భూకంపాలు రాకూడదు. అంత ఒత్తిడిలో రాయి జారదు, సాగుతుంది. అయినా వస్తున్నాయి. ఎందుకంటే మనం మూటగట్టి పంపిన నీరు అక్కడ ఖనిజాల్లోంచి విడిపోతుంది. ఆ నీటి ఒత్తిడి రాయిని మళ్లీ పెళుసు చేస్తుంది, దీన్నే నిర్జలీకరణ పెళుసుదనం అంటారు. ఈశాన్య జపాన్ కింద రెండు సమాంతర పొరల్లో భూకంపాలు కనబడతాయి, పై పొర పటలానిది, కింది పొర సర్పెంటైన్‌ది అని ఎక్కువగా చెప్పే వివరణ. 400 కి.మీ. దాటాక కథ మారుతుంది. చల్లటి స్లాబ్ లోపల ఆలివీన్ మారాల్సిన 410 కి.మీ. దగ్గర మారకుండా మొండికేసి, తర్వాత ఒక్కసారిగా సాంద్రమైన రూపంలోకి మారుతూ తెగుతుందన్నది ప్రధాన వాదన. 1994 బొలీవియా, 2013 ఒఖోత్స్క్ భూకంపాలు రెండూ 600 కి.మీ. దాటిన లోతువే, తీవ్రత 8 దాటినవే. 700 కి.మీ. దిగువన భూకంపాలు ఆగిపోతాయి. 660 దగ్గర రింగ్‌వుడైట్ (ఆలివీన్ సాంద్ర రూపం) బ్రిడ్జ్‌మనైట్‌గా మారుతుందని రాసి ఆపేయండి, అంతకన్నా లోతుకి వెళ్తే టైమ్ చాలదు.

ఇప్పుడు అక్క ప్రశ్నకి వద్దాం. స్లాబ్ చల్లనిది, నిజమే. కానీ అది దిగుతూ పక్కనున్న మాంటిల్‌ని తనతో కిందికి ఈడుస్తుంది. ఆ ఖాళీని పూడ్చడానికి వెనకవైపు నుంచి వేడి మాంటిల్ వచ్చి మూలలోకి తిరుగుతుంది. కాబట్టి స్లాబ్‌కీ పై ప్లేటుకీ మధ్యనున్న వెడ్జ్ నడిమధ్య 1,200 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఇంత ఉన్నా పొడి పెరిడోటైట్ కరగదు. 100 కి.మీ. లోతు ఒత్తిడిలో దానికి 1,450 డిగ్రీల పైమాట కావాలి. స్లాబ్‌లోంచి తప్పించుకున్న నీటిచుక్క ఆ వెడ్జ్‌లోకి చేరిందో, కరిగే ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంది. వేడి పెంచలేదు, ఒత్తిడి తగ్గించలేదు, నీరు కలిపాం, కరిగింది. ఫ్లక్స్ మెల్టింగ్ అంటే ఇదే. కరిగింది ప్లేటు కాదు, ప్లేటు పైనున్న మాంటిల్. స్లాబ్ చేసింది నీళ్లు మోసే పని మాత్రమే. అగ్నిపర్వతాల వరుస కింద స్లాబ్ సగటున 100 కి.మీ. లోతుకి అటూఇటూ ఉండటానికి ఈ ఏర్పాటే కారణం.

‘నీరు నిజంగా పైనుంచే వెళ్లిందని రుజువేంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే బెరీలియం-10 చెప్పండి. కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టి, వానతో సముద్రపు బురదలో చేరే ఐసోటోప్ అది. అర్ధాయువు దాదాపు 14 లక్షల ఏళ్లే. అలాంటిది చాపపు (సబ్‌డక్షన్ అగ్నిపర్వతాల వరుస) లావాల్లో దొరికింది. అంటే సముద్రపు బురద దిగి, దాని ఆనవాలు కొన్ని పదుల లక్షల ఏళ్లలో లావాగా తిరిగొచ్చింది. మాంటిల్‌లో సహజంగా అది ఉండే ఆస్కారమే లేదు. దీంతోపాటు ట్రేస్ మూలకాల గ్రాఫ్‌లో నియోబియం, టాంటలం దగ్గర కనబడే గుంట. బేరియం, స్ట్రాన్షియం నీటితో పాటు పైకి ప్రయాణిస్తాయి, నియోబియం కదలదు, కింద రుటైల్ అనే ఖనిజం పట్టేసుకుంటుంది. గ్రాఫ్ గీయడం రాకపోయినా ఆ గుంటను గీయడం నేర్చుకోండి.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దాన్ని రాస్తేనే జవాబు పూర్తి. రిడ్జ్ దగ్గర పుట్టి ఎంతో కాలం కాకముందే, ఇంకా వేడిగా ఉన్న ప్లేటు దిగితే అది నిజంగానే కరగొచ్చు. అలా వచ్చిన మాగ్మాకి స్ట్రాన్షియం-ఇట్రియం నిష్పత్తి ఎక్కువ, అడకైట్ అంటారు, అల్యూషియన్లలోని అడక్ దీవి పేరు మీద. 1990లో డిఫాంట్, డ్రమ్మండ్ ఈ పేరు పెట్టారు. అలా అని మొదటి అటెంప్ట్‌లో నేను రాసింది ఒప్పయిపోదు. మినహాయింపును సూత్రంగా రాశాను నేను.

వెడ్జ్‌లో పుట్టేది బసాల్ట్. పైకొచ్చే దారిలో పటలం అడుగున ఆగి, స్ఫటికాలు వదిలేసి, చుట్టూ ఉన్న రాయిని కరిగించి కలుపుకుని ఆండసైట్, డాసైట్ అవుతుంది. నీటివల్ల ప్లాజియోక్లేజ్ అనే ఖనిజం ఆలస్యంగా, ఇనుప ఖనిజం మాగ్నటైట్ ముందుగా స్ఫటికమవుతాయి. అందుకే ఇనుము పేరుకోదు, అదే కాల్క్-ఆల్కలైన్ దారి. మధ్య సముద్రపు రిడ్జ్ బసాల్ట్‌లో నీరు సాధారణంగా అర శాతం కూడా ఉండదు, చాపపు మాగ్మాల్లో 4–6 శాతం దాకా ఉంటుంది. పైకొచ్చేసరికి ఆ నీరే బుడగలై పేలుతుంది. 1980 మే 18న మౌంట్ సెయింట్ హెలెన్స్, 1991 జూన్ 15న పినటుబో. అంటే ఔటర్ రైజ్ దగ్గర పగుళ్లలో దూరిన సముద్రపు నీరే ఆవిరిగా ఆకాశంలోకి పోయింది. ఎస్సేలో ఈ వాక్యం రాసినప్పుడు నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

జవాబు రాసే తీరు గురించి నాలుగు మాటలు. బొమ్మ మొదటి పేజీలోనే వేయండి. లోతులు అంకెల్లో రాయండి, 30 కి.మీ., 100 కి.మీ., 410, 660. శాస్త్రవేత్తల పేర్ల జాబితా పెట్టకండి, పేరు పక్కన వాళ్లు చూసిందేంటో ఉంటేనే రాయండి. వాదాటి 1920ల చివర్లోనే లోతైన భూకంపాలు చూపించారు, బెనియాఫ్ 1949, 1954ల్లో వాటి వాలును గీశారు, కాబట్టి వరుసలో వాదాటి పేరు ముందు రావాలి. అక్క ఇంకో అలవాటు నేర్పింది: ప్రతి అంశం చదివాక బొమ్మలో ఒక్కటి మార్చి చూడమంది. ప్లేటు వయసు తగ్గిస్తే? వేగం పెంచితే? అవక్షేపం తీసేస్తే? జవాబు నోటితో చెప్పగలిగితేనే తర్వాతి పేజీ.

రెండో అటెంప్ట్ ఇంటర్వ్యూలో ఆ అలవాటే ఎదురైంది. బోర్డులో ఒకాయన తెల్లకాగితం నా ముందుకు జరిపి, "పెరూలో స్లాబ్ దిగుతోంది, భూకంపాలూ వస్తున్నాయి. మరి అగ్నిపర్వతాలేవి?" అన్నారు. బొమ్మ గీశాను. నాజ్కా రిడ్జ్ లాంటి మందమైన, తేలిక పటలం ఉన్నచోట స్లాబ్ దాదాపు 100 కి.మీ. దగ్గర దిగడం మానేసి పై ప్లేటు కింద పడుకుని వందల కి.మీ. సాగింది. దానికీ పై ప్లేటుకీ మధ్య ఉండాల్సిన వేడి మాంటిల్ వెడ్జ్ నొక్కుకుపోయింది. "నీరు ఉంది సార్, కరగడానికి వేడి మాంటిల్ లేదు" అన్నాను. ఆయన పెన్సిల్ తీసుకుని నా బొమ్మలో స్లాబ్ మళ్లీ వంగి దిగేచోట ఒక గుర్తు పెట్టి, "ఇక్కడ?" అన్నారు. అక్కడ వెడ్జ్ మళ్లీ తెరుచుకుంటుంది, కాబట్టి ఇంకా నీరు మిగిలుంటే తూర్పున, లోపలికి దూరంగా మాగ్మా పుట్టొచ్చని చెప్పాను. ఎంత నీరు మిగిలుంటుందని అడిగారు. అది ఏ ఖనిజం ఎంత లోతు దాకా తట్టుకుంటుందన్నదాన్ని బట్టి ఉంటుందని మొదలుపెట్టి సర్పెంటైన్ దగ్గరికి వచ్చేసరికి, చాల్లే అన్నట్టు నవ్వి కాగితం వెనక్కి తీసుకున్నారు.